హిట్ పాట లేకుండా పేరెలా వస్తుంది? హెవీ సైకెడెలిక్ రాక్ దారి, బెజవాడ నుంచి చూస్తే

1996లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఊరికి చెందిన స్లీప్ అనే ముగ్గురు సభ్యుల బ్యాండ్ ఒక ఆల్బమ్ రికార్డు చేసింది. అందులో ఉన్నది ఒకటే పాట. నిడివి గంట పైన మూడు నిమిషాలు. డబ్బు పెట్టిన లండన్ రికార్డ్స్ కంపెనీ ఆ టేపు విని, విడుదల చేయడానికి ఒప్పుకోలేదు. బ్యాండ్ విడిపోయింది. మామూలుగా అయితే కథ అక్కడితో సరి. కానీ ఆ టేపు చాటుమాటు కాపీలుగా చేతులు మారుతూ పోయింది. 1999లో కాస్త కుదించిన రూపం, 2003లో 'డోప్‌స్మోకర్' పేరుతో పూర్తి రూపం చిన్న కంపెనీల చేతుల మీదుగా బయటికొచ్చాయి. 2009లో ఆ బ్యాండ్ మళ్లీ వేదికెక్కింది. 2018లో కొత్త ఆల్బమ్ తెచ్చింది. గిటారిస్టు మ్యాట్ పైక్ ఈలోగా పెట్టుకున్న హై ఆన్ ఫైర్ అనే ఇంకో బ్యాండ్‌కు 2019లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది.

స్లీప్ వాయించేది హెవీ సైకెడెలిక్ రాక్, అంటే బరువైన గిటారు వరసలను నెమ్మదిగా, చాలాసేపు సాగదీసే సంగీతం. దీని గురించి బెజవాడలో ఎవరితో మాట్లాడినా రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. అసలిది ఎవరు వింటారు? ఎవరూ వినకపోతే వీళ్లకి పేరెలా వచ్చింది? రెండూ న్యాయమైన ప్రశ్నలే. మనకు అలవాటైన లెక్క ఒకటే కదా: సినిమా వస్తుంది, పాట హిట్టవుతుంది, పాడినవాళ్లకి పేరొస్తుంది. హెవీ సైకెడెలిక్ రాక్ బ్యాండ్లు ఆ లెక్కలో ఎక్కడా ఇమడవు. హిట్ ఉండదు, రేడియో ఉండదు, చాలాసార్లు సభ్యుల ముఖాలు కూడా ఎవరికీ తెలియవు. అయినా పదేళ్లు, పదిహేనేళ్లు గడిచేసరికి ఏ దేశం వెళ్లినా ఒక హాలు నిండుతుంది. ఇది అదృష్టం వల్ల జరిగేది కాదు. దానికో యంత్రాంగం ఉంది. ఆ యంత్రాంగం అర్థమవ్వాలంటే ముందు ఆ శబ్దం ఎలా పుట్టిందో తెలియాలి, ఎందుకంటే దాని దారిని నిర్ణయించింది ఆ శబ్దమే.

షడ్జమం, పంచమం, కొంచెం కరెంటు

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. అక్కడ టోనీ అయోమీ అనే 17 ఏళ్ల కుర్రాడు ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒకరోజు మెషీన్‌లో చెయ్యి పడి కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. అతనిది ఎడమచేతి వాటం. గిటారు మీద తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఇక వాయించలేనని కుంగిపోయి ఉంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించింది. నిప్పు ప్రమాదంలో చెయ్యి కాలి, రెండు వేళ్లతోనే సోలోలు వాయించిన మహానుభావుడాయన. అయోమీ లేచాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971 నాటికి తీగల బిగువు సడలించి గిటారు శ్రుతిని మూడు మెట్లు కిందికి దించాడు. వేళ్లకు శ్రమ తగ్గింది, శబ్దం బరువెక్కింది. అతని బ్యాండే బ్లాక్ సబ్బత్. ఒక్క రోజులో రికార్డు చేసిన వాళ్ల తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. విమర్శకులు తిట్టిపోశారు, జనం కొన్నారు. 2025 జులై 5న సొంత ఊళ్లోనే విల్లా పార్క్ స్టేడియంలో చివరి కచేరీ చేశారు. 17 రోజుల తర్వాత గాయకుడు ఆజీ ఆస్బోర్న్ కన్నుమూశాడు. ఈ రకం సంగీతం వాయించేవాళ్లలో ఆ కబురు విని కళ్లు చెమర్చని వాళ్లు ఉండరు.

రెండో పాయ సైకెడెలిక్. 1966లో టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచి థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్, 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బ్లూ చీర్, లండన్‌లో తొలినాళ్ల పింక్ ఫ్లాయిడ్, తర్వాత హాక్‌విండ్. వీళ్లు పాటను సాగదీశారు. ఒకే వరసను పదే పదే వాయిస్తూ, ప్రతిధ్వనులు కలుపుతూ, వినేవాడికి కాలం స్పృహ తప్పేలా చేశారు. సబ్బత్ బరువు, వీళ్ల సాగదీత కలిస్తే మనం మాట్లాడుకుంటున్న సంగీతం వచ్చింది.

ఇక్కడ మన చెవికి బాగా పరిచయమైన విషయం ఒకటుంది. దీన్ని ఎవరూ చెప్పరేమిటా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. హెవీ రాక్‌కు ప్రాణం పవర్ కార్డ్. అంటే షడ్జమం, పంచమం, పై షడ్జమం కలిపి ఒకేసారి మోగించడం. గాంధారం ఉండదు కాబట్టి సంతోషమో విచారమో తేలదు. మన తంబురా శ్రుతి కూడా అదే కదా: పంచమం, రెండు షడ్జమాలు, కింది షడ్జమం. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద సన్నటి నూలుదారం పెట్టి సర్దుతారు. ఆ దారం సరైన చోట పడగానే తీగ బోసిగా మోగడం మానేసి 'జుం'మని విచ్చుకుంటుంది. అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు, అంటే అనుస్వరాలు, వరసగా లేస్తాయి. గిటారుకు తగిలించే ఫజ్ పెడల్ ఇదే పని కరెంటుతో చేస్తుంది. సిగ్నల్‌ను మోతాదుకు మించి పెంచుతుంది, పట్టలేక దాని శిఖరాలు తెగిపోతాయి. ఆ తెగిన అంచుల్లోంచి అనుస్వరాలు పుట్టుకొస్తాయి.

అంతటితో ఆగదు. ఈ బ్యాండ్లు గిటారు శ్రుతిని బాగా దించుతాయి. మామూలుగా గిటారు అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 82 కంపనాలతో మోగుతుంది. నాలుగు మెట్లు దించితే 65 హెర్ట్జ్. దాని పంచమం 98. ఈ రెంటినీ ఫజ్‌లోంచి కలిపి పంపితే, రెంటికీ ఉన్న తేడా, అంటే 33 హెర్ట్జ్ దగ్గర, ఎవరూ వాయించని ఒక మంద్ర స్వరం పుడుతుంది. తీగ మీద లేని స్వరం గదిలో ఉంటుంది. అది చెవి కంటే ముందు ఛాతీకి తగులుతుంది.

ఫజ్ పెడల్ గురించి ఇంకో ముక్క, ఇది మన వాతావరణానికి సంబంధించింది. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ అనే గుండ్రటి పెడల్లో ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు, అవీ జర్మేనియంవి. జర్మేనియానికి వేడి పడదు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ అందులోంచి కారే కరెంటు పెరిగి, పెడల్ ఉక్కిరిబిక్కిరై మధ్యమధ్యలో నోరు మూసుకుంటుంది. 44 డిగ్రీలు దాటే బెజవాడ మే నెలలో, ఫ్యాను మాత్రమే ఉన్న గదిలో, దాంతో పని జరగదు. అందుకే ఇక్కడి కుర్రాళ్లు సిలికాన్ ట్రాన్సిస్టర్లతో పెడళ్లు కట్టుకుంటారు. కొద్ది రూపాయలకే దొరికే బీసీ 547లతో ఇంట్లో టంకం పెట్టి చేసిన పెడల్ నేను విన్నాను. జర్మేనియం కంటే కరుగ్గా, కొంచెం కోపంగా మోగుతుంది. బెజవాడ శబ్దం అంటూ ఒకటి ఏర్పడితే అది ఆ కరుకుతనంలోంచే వస్తుందని నా నమ్మకం.

ఫోనులో ఎందుకు పట్టుబడదు

ఇప్పుడు ఈ శబ్దాన్ని ఫోన్ స్పీకర్లో పెట్టండి. గోరంత స్పీకరు 65 హెర్ట్జ్‌ను మోగించలేదు. పై అనుస్వరాల నుంచి మన చెవి అసలు స్వరాన్ని ఊహించుకోగలదు కాబట్టి వరస తెలుస్తుంది. కానీ ఛాతీకి తగలాల్సింది తగలదు. మిగిలేది బరబరమనే రొద. 'ఇదేం గోల' అని ఫోను ఆపేసినవాళ్లు తప్పు చేశారని నేననను. వాళ్లకు అందింది నిజంగానే గోల. ఆ సంగీతం వాళ్ల దాకా రానేలేదు.

పాట నిడివి ఇంకో చిక్కు. స్పాటిఫైలో 30 సెకన్లు దాటి వింటే ఒక స్ట్రీమ్ కింద లెక్క. గంట పాటను ఆసాంతం విన్నా ఒకటే. అదే గంటలో మూడు నిమిషాల పాటలు ఇరవై వింటే లెక్క ఇరవై. పైగా 2024 నుంచి ఏడాదిలో 1,000 స్ట్రీములు రాని పాటకు అక్కడ రాయల్టీయే లేదు. ఈ లెక్కలో పన్నెండు నిమిషాల పాట రాయడమంటే తెలిసి తెలిసి నష్టానికి పూనుకోవడమే. అల్గారిథమ్ కూడా వినేవాడు మొదటి అరనిమిషంలో ఉన్నాడా పోయాడా అని చూస్తుంది. ఈ పాటల్లో మొదటి అరనిమిషం చాలాసార్లు యాంప్లిఫయర్ హుంకారం తప్ప ఏమీ ఉండదు.

కాబట్టి ఎక్కువమందికి చేరవేసే మామూలు దారులన్నీ ఈ సంగీతానికి మూసుకుపోయినట్టే. రేడియోకి నిడివి ఎక్కువ, ఫోనుకి స్వరం లోతెక్కువ, స్ట్రీమింగుకి ఓపికెక్కువ. మిగిలింది మనుషుల దారి. పెద్ద స్పీకర్లున్న గది, ఎల్‌పీ రికార్డు, 'ఇది విను' అని చేతిలో పెట్టే స్నేహితుడు. చూడ్డానికి ఇది బలహీనతలా ఉంటుంది. కానీ ఇలా వచ్చిన శ్రోత ఒకసారి వస్తే పోడు. అతను పాటకు రాలేదు, శబ్దానికి వచ్చాడు. ఆ శబ్దం చేసే బ్యాండ్ ఏది కనిపించినా వింటాడు, కొంటాడు, పక్కవాడికి చెప్తాడు. ఈ రంగంలో పేరు అంటే ఆ నమ్మకం ఒకరి నుంచి ఒకరికి పాకడం.

పేరు పాకే తీరు

కాలిఫోర్నియా ఎడారి అంచున పామ్ డెజర్ట్ అనే ఊరుంది. 1980ల చివర్లో అక్కడి కుర్రాళ్లకు వాయించడానికి హాళ్లు దొరక్క, జనరేటర్ ఒకటి బండి మీద వేసుకుని ఎడారిలోకి పోయి రాత్రంతా వాయించేవాళ్లు. వాళ్లలోంచి వచ్చిందే క్యూస్. గిటారును బేస్ గిటారు యాంప్‌లోకి పెట్టి వాయించిన బ్యాండ్ అది. 1992 ఆల్బమ్‌తో సంగీతకారుల్లో పేరొచ్చింది, 1993లో ఆస్ట్రేలియాలో మెటాలికా అనే పేరుమోసిన మెటల్ బ్యాండ్ కచేరీలకు ముందు వాయించారు. 1995లో విడిపోయారు. బతికున్నన్నాళ్లూ పెద్దగా అమ్ముడుపోలేదు. విడిపోయాక పేరు పెరిగింది. గిటారిస్టు జాష్ హోమీ తర్వాత క్వీన్స్ ఆఫ్ ది స్టోన్ ఏజ్ పెట్టి, అదే బరువును నాలుగు నిమిషాల పాటల్లోకి కుదించి, పెద్ద వేదికలకు తీసుకెళ్లాడు. ఆ పాటల గుండా వెనక్కి నడిచి క్యూస్ దగ్గరికి చేరినవాళ్లు లెక్కలేనంతమంది. నేనూ అలాగే చేరాను.

ఇంకో దారి చూడండి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి అంకుల్ యాసిడ్ అండ్ ది డెడ్‌బీట్స్ అనే బ్యాండ్ 2010లో తొలి ఆల్బమ్‌ను తామే సీడీల మీద కాపీలు కొట్టి ఇచ్చింది. ముఖాలు చూపించలేదు, కచేరీలు చేయలేదు. 2011లో రెండో ఆల్బమ్. ఆ కొద్ది కాపీలూ అయిపోగానే వెతుకులాట మొదలైంది. అప్పుడు రైజ్ అబవ్ రికార్డ్స్ వాళ్లను తీసుకుంది. అది కథెడ్రల్ బ్యాండ్ గాయకుడు లీ డోరియన్ 1988లో పెట్టిన చిన్న కంపెనీ. ఈ శబ్దం ఇష్టపడేవాళ్లు ఆ కంపెనీ ముద్ర ఉంటే చాలు, వినకుండానే కొంటారు. 2013లో అదే అంకుల్ యాసిడ్ యూరప్ యాత్రలో బ్లాక్ సబ్బత్‌కు ముందు వాయించింది. ఇంట్లో కొట్టిన సీడీ నుంచి స్టేడియం లాంటి హాళ్లకు మూడేళ్లు. మధ్యలో హిట్ అన్నది లేదు. ఉన్నదల్లా ఒక కంపెనీ, దాన్ని నమ్మిన శ్రోతలు, చివర్లో పిలిచిన ఒక పెద్ద బ్యాండ్.

మూడోది అంతర్జాలం దారి. కీవ్‌కు చెందిన స్టోన్డ్ జీసస్ 2012 ఆల్బమ్‌లో పదహారు నిమిషాల పాటొకటి ఉంది. అది యూట్యూబ్‌లో లక్షల మందికి చేరింది. పదహారు నిమిషాల పాట! దీని వెనక ఉన్నది ఈ రకం ఆల్బమ్‌లను ఆసాంతం ఎక్కించే అభిమానుల ఛానళ్లు. ఒక ఆల్బమ్ అయిపోగానే అదే జాతి ఇంకో ఆల్బమ్ మొదలవుతుంది. స్పాటిఫైలో నష్టం తెచ్చిన నిడివి ఇక్కడ లాభమైంది. రాత్రి పని చేసుకుంటూ పెట్టుకుని వదిలేసేవాళ్లకు గంట ఆల్బమ్‌కు మించింది లేదు.

అమ్మకం సంగతికొస్తే, శ్రోతలు బ్యాండ్ల దగ్గర నేరుగా కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్ 2008 నుంచి వీళ్లకు అన్నం పెడుతోంది. డిజిటల్ ఆల్బమ్ మీద 15 శాతం, రికార్డులు, టీషర్టుల మీద 10 శాతం తీసుకుని, చెల్లింపు ఖర్చులు పోను మిగతాది బ్యాండ్‌కే ఇస్తుంది. కోవిడ్ మొదలైన 2020 మార్చిలో ఒక శుక్రవారం తన వాటాను కూడా వదిలేసుకుంది, తర్వాత అది ఆనవాయితీ అయింది. వేల స్ట్రీములు ఇవ్వనిది ఒక్క అభిమాని ఒక్క కొనుగోలుతో ఇస్తాడు. అందుకే ఈ రంగంలో వ్యూస్ చూసి బ్యాండ్ స్థాయిని అంచనా వేస్తే పప్పులో కాలేసినట్టే. రికార్డు ఎన్ని రోజుల్లో అయిపోయింది, రెండోసారి అచ్చు వేశారా, ఏ ఊళ్లో రెండోసారి పిలిచారు, అవీ చూడాల్సినవి.

ఇక పండగలు. నెదర్లాండ్స్‌లో 1999లో మొదలై టిల్బర్గ్‌లో జరిగే రోడ్‌బర్న్, లండన్, బెర్లిన్లలో 2012 నుంచి డెజర్ట్‌ఫెస్ట్. రోడ్‌బర్న్‌లో వాయించిందంటే ఆ బ్యాండ్‌కు ఒక ముద్ర పడినట్టు. అక్కడికొచ్చేవాళ్లు మామూలు ప్రేక్షకులు కారు. కంపెనీల వాళ్లు, నిర్వాహకులు, రాసేవాళ్లు, తోటి బ్యాండ్ల వాళ్లు. నలభై నిమిషాల కచేరీ బాగా జరిగితే వచ్చే ఏడాదికి ఆరు దేశాల నుంచి పిలుపులొస్తాయి.

పేరొచ్చాక శబ్దం పలచబడుతుందా అని పాత అభిమానులు ఎప్పుడూ భయపడతారు. కొన్నిసార్లు పడుతుంది. కానీ స్లీప్ 2018లో తిరిగొచ్చినప్పుడు ఏమీ కుదించలేదు. ఒక్క రోజు ముందు మాత్రమే ప్రకటించి ఏప్రిల్ 20న ఆల్బమ్ వదిలింది. అప్పటికి శ్రోతలే మారారు. బ్యాండ్ మారాల్సిన పని లేకపోయింది. నా దృష్టిలో ఈ రంగం చెప్పే ముఖ్యమైన సంగతి ఇదే. పాటను కుదించుకుంటే పేరొస్తుందన్నది మన దగ్గర ప్రతి కుర్ర బ్యాండ్‌కీ పెద్దలు చెప్పే మాట. ఈ బ్యాండ్ల చరిత్రలో దానికి ఆధారం దొరకదు. కుదించి గెలిచిన జాష్ హోమీ కూడా ముందు ఎడారిలో సాగదీసి వాయించినవాడే. ఆ పునాది లేకపోతే కుదించడానికి ఏముంటుంది?

గంజాయి మాట

ఈ మాట ఎత్తకుండా దాటేస్తే చదివేవాళ్లను మోసం చేసినట్టే. 1960ల సైకెడెలిక్ సంగీతానికి ఎల్‌ఎస్‌డీతో, తర్వాతి హెవీ బ్యాండ్లకు గంజాయితో ఉన్న చుట్టరికం బహిరంగం. స్లీప్ ఆల్బమ్ పేరు 'డోప్‌స్మోకర్' అంటేనే గంజాయి పీల్చేవాడు అని. దానికి కట్టిన మూల్యమూ బహిరంగమే. థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ గాయకుడు రాకీ ఎరిక్సన్ గంజాయి కేసు తర్వాత మానసిక చికిత్సాలయం పాలయ్యాడు. పింక్ ఫ్లాయిడ్‌ను మొదట నడిపించిన సిడ్ బారెట్ 1968 నాటికే బ్యాండ్‌లో ఉండలేని స్థితికి చేరాడు. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద కేసు పడితే కుర్రాడి చదువు, ఉద్యోగం రెండూ పోతాయి.

అయితే ఆ శబ్దానికి ఆ మత్తు అవసరమా? కాదు. తంబురా దగ్గర కూర్చుని కళ్లు మూసుకున్నవాళ్లకు కాలం స్పృహ ఎలా తప్పుతుందో తెలుసు. ఆ పని చేసేది శ్రుతి, పునరావృత్తి, లోతు. స్లీప్ బేస్ గిటారిస్టు ఆల్ సిస్నెరోస్ తర్వాత ఓమ్ అనే బ్యాండ్ పెట్టాడు. 2012లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ పేరు 'అద్వైతిక్ సాంగ్స్'. మొదటి పాట మహామృత్యుంజయ మంత్రంతో మొదలవుతుంది. జర్మనీలో మై స్లీపింగ్ కర్మ అని మాటల్లేకుండా వాయించే బ్యాండ్ ఉంది. వాళ్ల ఆల్బమ్‌ల పేర్లు సత్య, సోమ, మోక్ష, ఆత్మ. ఇవన్నీ లోతుగా అర్థం చేసుకుని పెట్టినవని నేను వాదించను. కానీ వాళ్లు వెతుకుతున్నది ఏమిటో మన చెవికి తెలుస్తుంది.

మరి ఇక్కడ?

ఆటోనగర్లో ఒక లేత్ షాపు పై అంతస్తులో రేకుల గది ఉంది. సాయంత్రం కింద మెషీన్లు ఆగాక ముగ్గురు ఇంజనీరింగ్ కుర్రాళ్లు అక్కడ వాయిస్తారు. గోడలకు పాత పరుపులు, తలుపు సందుల్లో గోనె గుడ్డలు. గుడ్ల ట్రేలు అతికించి చూశారట, ప్రతిధ్వని కాస్త తగ్గింది తప్ప శబ్దం బయటికి పోవడం ఆగలేదు. ఆగదు కూడా, లోతు స్వరాలను ఆపేది బరువే, అట్ట కాదు. బేస్ అడుగు తీగ మీటినప్పుడు కిటికీ గొళ్లెం ఒక్కటే మోగుతుంది, ఆ ఒక్క స్వరానికే. డ్రమ్స్ వాయించే అబ్బాయి ఒక టిఫిన్ క్యారేజీ మూత దాని కింద ఇరికించి, మళ్లీ కూర్చుని, నాలుగు కొట్టాడు. పన్నెండు నిమిషాల పాట. ఏడు మాత్రల వరస, మన మిశ్రచాపు. ఆరో నిమిషం దాకా మాట లేదు.

"అన్నా, ఫెస్టులో మాకు ఏడు నిమిషాలే ఇచ్చారు" అన్నాడు గిటారు కుర్రాడు. "రెండు సినిమా పాటలు కొడితే ఇంకో ఐదు ఇస్తామన్నారు."

చిక్కంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. గుంటూరు, బెజవాడ చుట్టూ ఉన్న కాలేజీల్లో వాయించేవాళ్లకు కొదవ లేదు. మంచి గిటార్లు ఉన్నాయి, మంచి చేతులున్నాయి. లేనిది మధ్యలో ఉండాల్సిన మెట్లు. వంద మంది పట్టే గది, సొంత పాటలు మాత్రమే వాయించే సాయంత్రం, ఆ సాయంత్రాన్ని నెలనెలా నడిపే ఒక పిచ్చివాడు. పెద్ద మైదానాల్లో సినిమా సంగీత కచేరీలు జరుగుతాయి, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటకాలు, నృత్యాలు జరుగుతాయి. ఈ కుర్రాళ్లకు ఆ రెండూ సరిపోవు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది తర్వాత లౌడ్ స్పీకర్ కూడదు, నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదు. ఆ నియమం సబబైందే. కానీ ఊరేగింపు డీజే బాక్సులు వీధుల్లో కిటికీలు కదిలిస్తుంటే ఊరుకునే ఊరు, పరుపులు కట్టిన గదిలో వాయించే ముగ్గురి మీద ఫిర్యాదు చేయడం నాకు మింగుడుపడదు.

మనవాళ్లకు అంత ఓపిక లేదంటారు కొందరు. ఈ నేల చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ భుజాన తంబురా, వేళ్లకు అందెలు, పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు, అంతే సరంజామాతో బుర్రకథ చెప్తుంటే ఊళ్లకు ఊళ్లు గంటల తరబడి కూర్చున్నాయి. ఒకే శ్రుతి, ఒకే దరువు, సాగే కథ. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం, అక్కడ బాలమురళీకృష్ణ నడిపిన భక్తిరంజని ఈ చుట్టుపక్కల ఊళ్లకు పొద్దున్నే శ్రుతి వినడం నేర్పాయి. ఓపిక ఉంది. దాన్ని అడిగేవాళ్లు తగ్గారు.

దక్షిణాదిలో వేరే రాష్ట్రాల్లో మెట్లు కట్టుకున్నవాళ్లున్నారు. బెంగళూరు బ్యాండ్ బెవార్ సీ సబ్బత్ పాటలు వాయిస్తూ వాయిస్తూ 2012లో సొంత ఆల్బమ్ తెచ్చింది. అక్కడ హెవీ సంగీతానికి చిన్న గదులు, నిలకడగా వచ్చే జనం ఉండబట్టే అది సాధ్యమైంది. తిరువనంతపురం బ్యాండ్ అవియల్ 2008లో పూర్తిగా మలయాళంలో రాక్ ఆల్బమ్ చేసి, భాష రాని ఊళ్లలో కూడా వాయించింది. మన కుర్రాళ్లు ఇప్పటికీ భాష దగ్గర తడబడుతున్నారు. ఇంగ్లిష్‌లో రాస్తే బయటివాళ్లకు అర్థమవుతుందని వాళ్ల లెక్క. ఈ సంగీతం వినేవాడు మాటల కోసం రాడు. పైగా తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. నెమ్మదిగా నడిచే రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటారు వరస) మీద గొంతు నిలపడానికి అచ్చు కావాలి, హల్లు అడ్డం పడుతుంది. ఆటోనగర్ గదిలో ఆరో నిమిషం దగ్గర ఆ అబ్బాయి 'ఎండ' అని ఒక్క మాట అందుకుని, ఆ చివరి 'అ'ను రెండు ఆవృత్తాలు పట్టుకున్నాడు. ఇంగ్లిష్‌లో రాసుకున్న మిగతా చరణం ఆ ఒక్క మాట ముందు తేలిపోయింది. ఆ మాటే చెప్పాను. ఆలోచిస్తామన్నారు.

వాళ్లకు ఇప్పుడు కావాల్సింది వీడియో కాదు. గదిలో వాయించినట్టే, ఒకేసారి ముగ్గురూ కలిసి, కోతల్లేకుండా ఒక మంచి రికార్డింగు. దాన్ని బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టి, బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో ఇదే జాతి వాయించే బ్యాండ్లకు పంపి, వాళ్లు ఇక్కడికొస్తే ముందు మేం వాయిస్తాం, మేం అక్కడికొస్తే మీ ముందు వాయిస్తాం అని ఒప్పందం చేసుకోవడం. రైల్లో రాత్రి ప్రయాణం, ఎవరింట్లోనో పడక, యాభై మంది శ్రోతలు. యూరప్‌లో కూడా చాలా బ్యాండ్లు మొదలైంది ఇలాగే.

వినాలనుకునేవాళ్లకు: బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్‌తో మొదలుపెట్టండి, తర్వాత క్యూస్, ఆ తర్వాత ఓమ్. స్లీప్ గంట పాటను ఆఖరికి ఉంచుకోండి. ఫోను స్పీకర్లో మాత్రం వద్దు. మంచి హెడ్‌ఫోన్ లేకపోతే కారులో కూర్చుని అద్దాలు ఎత్తి పెట్టండి. ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లేసరికి గంట పాట దాదాపు అయిపోతుంది.